నూతి గట్టు మీది డబ్బీ

గర్భిణులు, మత్తు అనే మాట రాగానే మన పర్లాకిమిడిలో అందరికీ గంజాయే గుర్తొస్తుంది. కొండల్లో తోటలు తగలబెట్టారని, లారీ పట్టుబడిందని ఫొటోలు పంచుకుంటారు. పంచుకోండి, కాదనను. మరి మీ ఇంటి నూతి గట్టు మీద ఉన్న గుడాకు డబ్బీ, అదే చిగుళ్లకు రాసుకునే ఆ పొగాకు ముద్ద, మాటేమిటి?

మా వదిన ఈ ఇంటికి వచ్చేనాటికి ఆమెకు దాని పేరే తెలియదు. మూడో నెలలో వేవిళ్లతో మెతుకు ఇమడకపోతుంటే, 'కాస్త చిగుళ్లకు రాసుకో అమ్మా, నోటికి హితవుగా ఉంటుంది' అంటూ మూత తీసి ఇచ్చింది మా అమ్మే. నన్ను మోసినప్పుడు తనూ రాసుకుందట. ఏడో నెలకల్లా వదినకు రోజుకు మూడుసార్లు పడాల్సిందే. లేకపోతే తలనొప్పి, విరేచనం కాదు, అందరి మీదా కసురు. చూపుడువేలి గోటి చుట్టూ నల్లటి చార, ఎంత సబ్బు పెట్టినా పోయేది కాదు. దీన్ని మాత్రం అలవాటు అంటారు. గంజాయి అయితేనే వ్యసనం!

పొగాకు పొడి, బెల్లం మడ్డి కలిపిన ముద్ద అది. పొగ లేదు కాబట్టి హాని లేదని మనవాళ్ల ధీమా. చిగుళ్ల నుంచే నికోటిన్ నెత్తురులోకి దిగి, మావిని దాటి బిడ్డను చేరుతుంది. రక్తనాళాలు కుంచించుకుపోయి బిడ్డకు అందే ప్రాణవాయువు, ఆహారం తగ్గుతాయి. నెలలు నిండకుండానే కాన్పు కావచ్చు, కడుపులోనే బిడ్డ పోవచ్చు. పుట్టిన బిడ్డ 2.5 కిలోలకు తగ్గితే తక్కువ బరువు కింద లెక్క. మా మేనకోడలు 1.9 కిలోలు. రొమ్ము పట్టే ఓపిక లేక ఉగ్గుగిన్నెతో చుక్కచుక్కగా పోశాం.

అంతా గుడాకు వల్లే అని ప్రమాణం చేయలేను. వదినకు రక్తహీనత కూడా ఉంది. కానీ ఐరన్ మాత్రలు మింగావా అని ప్రతి నెలా అడిగినవాళ్లు గుడాకు గురించి ఒక్కసారైనా అడగలేదు. అడగాల్సినవాళ్లలో ఒకావిడ పళ్లూ నల్లగానే ఉన్నాయి లెండి.

బిడ్డను చూడవచ్చిన బంధువులు, 'కన్నతల్లికి ఆ మాత్రం జ్ఞానం ఉండనక్కరలేదా' అన్నారు. చేతికిచ్చిన అమ్మను, డబ్బీలు కొని తెచ్చిన అన్నయ్యను పల్లెత్తు మాట అనలేదు. ఇన్ని మాటలు పడ్డాక ఏ గర్భిణి డాక్టరు దగ్గర నిజం చెబుతుంది? ఏ నెలలో మానేసినా బిడ్డకు మేలేనని ఆమెకు ఎవరు చెబుతారు?

నికోటిన్ పాలలోకీ వస్తుందని తెలిశాక వదిన మానేసింది. ఇవాళ్టికి పదకొండు రోజులు. నిన్న అమ్మ మళ్లీ కొత్త డబ్బీ తెప్పించుకుంది, తనకేనట. నూతి గట్టు మీద పెట్టవద్దని గొడవపడ్డాను. బీరువాలో పెట్టి, తాళంచెవి కొంగున ముడి వేసుకుంది.