హోవర్డ్‌లో ఫిలాసఫీ చదివితే మీకెందుకు నొప్పి?

ఇప్పుడే మా అన్నయ్య వాళ్లింట్లో సత్యనారాయణ వ్రతం చూసుకుని వచ్చాను. కడుపు మండిపోతోంది. ప్రసాదం తప్పేమీ లేదు.

మా మేనకోడలికి వాషింగ్టన్‌లోని నల్లజాతి విశ్వవిద్యాలయం హోవర్డ్‌లో సీటు వచ్చింది. ఫిలాసఫీ, దానితో పాటు ఇంగ్లీషు సాహిత్యం చదువుతుందట. భోజనాల దగ్గర ఒక పెద్దమనిషి "ఎక్కడ చేరుతున్నావమ్మా?" అని అడిగారు. పిల్ల చెప్పింది. "హార్వర్డా!" అంటూ ఆయన ముఖం చేటంత అయింది. "కాదండీ, హోవర్డ్" అనగానే ఆ చేట కాస్తా ముడుచుకుపోయింది. "అయ్యో, కంప్యూటర్ సైన్స్ రాలేదా?" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి మా అన్నయ్యతో "అక్కడ అంతా వాళ్లే కదండీ, ఆడపిల్లను ఎలా పంపుతున్నారు?" అన్నారు. తగ్గించడం కూడా అందరికీ వినపడేంతే తగ్గించారు. పిల్ల తన ప్లేటు తీసుకుని మేడ మీదికి వెళ్లిపోయింది. మా వదిన పాపం "ఇంకొంచెం పాయసం వేయనా అన్నయ్య గారూ" అంది. పూజ రోజు కాబట్టి వాళ్లింట్లో నేనేమీ అనలేదు. ఇది నా గోడ, ఇక్కడ అంటాను.

ముందు ఒక సంగతి. 2020 నవంబరులో కమలా హారిస్ ఉపాధ్యక్షురాలిగా గెలిచినప్పుడు ఇదే పెద్దమనిషి మిఠాయి డబ్బాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. "మన దక్షిణాది ఆడపిల్ల!" అని. ఆ ఆడపిల్ల ఎక్కడ చదివిందండీ? హోవర్డ్‌లో. ఏం చదివింది? రాజనీతి శాస్త్రం, అర్థశాస్త్రం. 1986లో పట్టా పుచ్చుకుంది. ఆమె తల్లి ఊరు, అమ్మమ్మ పేరు, ఇష్టమైన ఇడ్లీ, అన్నీ వాట్సాప్‌లో పంపారు కదా, ఆమె కాలేజీ పేరు ఒక్కటే ఎలా జారిపోయిందో!

సరే, ఆవిడ తమిళుల బిడ్డ, వదిలేయండి. మన చిలుకూరి ఉష సంగతి చూద్దాం. భర్త ఉపాధ్యక్షుడయ్యేసరికి గోదావరి జిల్లాల్లో టపాసులు పేల్చాం, వంశవృక్షాలు తవ్వి తీశాం. ఆమె యేల్‌లో చదివింది చరిత్ర. అవును, కోడింగ్ కాదు, చరిత్ర. "అయ్యో, కంప్యూటర్ సైన్స్ రాలేదా?" అని అప్పుడు ఒక్కరూ జాలి పడలేదే? యేల్‌లో చరిత్ర చదివితే మేధావి, హోవర్డ్‌లో ఫిలాసఫీ చదివితే పాపం. అంటే మీ గొడవ ఆర్ట్స్ చదువుతో కానే కాదు. తరగతి గదిలో పక్క కుర్చీలో ఎవరు కూర్చుంటారన్నదే మీ గొడవ. ఆ మాట నేరుగా అనే ధైర్యం లేక జీతాల లెక్కలు తెస్తారు.

"అంతా వాళ్లే"నట. హోవర్డ్ 1867లో పెట్టినప్పుడు మొట్టమొదట చేరిన విద్యార్థులు తెల్ల ఆడపిల్లలు, వ్యవస్థాపకుల సొంత కూతుళ్లు. ఆ విశ్వవిద్యాలయం ఏ రోజూ ఎవరినీ రంగు చూసి వెనక్కి పంపలేదు. వెనక్కి పంపినవి మిగతావి, మీరు లాప్‌టాప్ మీద స్టిక్కర్లు అంటించుకునేవి.

ఇక "ఆర్ట్స్ చదివితే ఏం లాభం" అన్న ప్రశ్న. ఈ ప్రశ్న మీరు కనిపెట్టింది కాదు లెండి, గర్వపడకండి. బానిసత్వం నాటి దక్షిణ కరోలినాలో బానిసకు రాయడం నేర్పిస్తే జరిమానా అని 1740లోనే చట్టం చేశారు. ఆ తర్వాతి శతాబ్దంలో సెనేటర్ కాల్‌హూన్, గ్రీకు వ్యాకరణం తెలిసిన నల్లవాణ్ని చూపిస్తే వాడూ మనిషేనని ఒప్పుకుంటాను అన్నాడని చెబుతారు. చదవనివ్వరు, చదవలేదు కాబట్టి మనిషి కాదంటారు! కాల్‌హూన్ 1850లో పోయాడు. 1852లో జార్జియాలోని మేకన్‌లో బానిసగా పుట్టిన విలియం స్కార్‌బరో దొంగచాటుగా అక్షరాలు నేర్చుకుని, 1881లో గ్రీకు భాషకు పాఠ్యపుస్తకమే రాశాడు. తర్వాత విల్బర్‌ఫోర్స్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడయ్యాడు. ఆ గ్రీకుతో ఆయనకు ప్యాకేజీ ఎంత వచ్చిందని అడుగుతారా?

బానిసత్వం పోయాక ప్రశ్న కొంచెం మర్యాద నేర్చుకుంది. "మీకు లాటిన్ ఎందుకు నాయనా, ఇటుకలు చేయడం నేర్చుకోండి" అన్నారు. ఈ మాటకు పెద్ద గొంతు నల్లజాతి నాయకుడు బుకర్ టీ వాషింగ్టన్‌ది. ఆయన కూడా బానిసగా పుట్టినవాడే, 1881 నుంచి టస్కేగీ అనే నల్లజాతి పిల్లల బడిని తన చేతులతో నిలబెట్టినవాడే. ఆ కాలపు అలబామాలో తెల్లవాళ్ల మధ్య బడి నడపాలంటే ఎన్ని మాటలు మింగాలో మనకు తెలియదు, ఆ గౌరవం ఆయనకు ఇస్తాను. కానీ మురికి గుడిసెలో నూనె మరకల బట్టలతో కూర్చుని ఫ్రెంచి వ్యాకరణం చదువుకుంటున్న కుర్రాణ్ని చూసి, తాను చూసిన విషాదాల్లో అదొకటి అని రాశాడే, అది నాకు ఎన్నిసార్లు చదివినా మింగుడు పడదు. ఆ కుర్రాడి గుడిసె విషాదం కావచ్చు. ఫ్రెంచి విషాదమా? ఇక ఈ కథలో అసలు రుచి వినండి. ఆయన కూతురు పోర్షియా ఏం నేర్చుకుంది? బెర్లిన్ వెళ్లి పియానో నేర్చుకుంది. ఊళ్లో పిల్లలకు ఇటుక బట్టీ, ఇంట్లో పిల్లకు పియానో.

ఆ భోజనాల పెద్దమనిషి గారి కొడుకు ఏం చదువుతున్నాడో మీకు చెప్పలేదు కదూ? సినిమా దర్శకత్వం. న్యూయార్క్‌లో. "వాడికి ఆసక్తి ఉంది మరి" అట!

బుకర్ టీకి ఎదురు నిలిచింది నల్లజాతి మేధావి డుబాయిస్. ఆయన చదివింది నాష్‌విల్‌లోని ఫిస్క్ విశ్వవిద్యాలయంలో, 1888లో పట్టా. ఆ ఫిస్క్ ఎలా బతికిందో తెలుసా? డబ్బులేక మూతపడబోతుంటే 1871లో విద్యార్థులు ఊరూరా తిరిగి పాటలు పాడి చందాలు తెచ్చారు. తాతముత్తాతలు పత్తి చేలల్లో పాడుకున్న పాటలు. చివరికి విక్టోరియా రాణి ముందు కూడా పాడారు. ఆ సొమ్ముతో కట్టిన జూబిలీ హాలు ఇప్పటికీ ఉంది. అలాంటి చోట చదివిన డుబాయిస్ హార్వర్డ్‌కు వెళితే, (అవునండీ, మీ హార్వర్డే!) ఫిస్క్ పట్టా చెల్లదని మళ్లీ బీఏ మూడో ఏడాదిలో కూర్చోబెట్టారు. కూర్చున్నాడు, మళ్లీ పట్టా తీసుకున్నాడు, 1895లో అక్కడ డాక్టరేట్ పొందిన మొదటి నల్లజాతీయుడయ్యాడు.

అన్నా జూలియా కూపర్ కథ చెబితే ఈ పోస్టు తెల్లారదు. వాషింగ్టన్‌లో నల్లజాతి పిల్లల హైస్కూలుకు ప్రిన్సిపాల్‌గా ఉండి, చేతిపనుల చదువే చాలన్న పైవాళ్ల మాట వినకుండా కాలేజీకి పనికొచ్చే చదువు చెప్పించింది. 1906లో పదవి ఊడింది. దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత, అరవై దాటాక, పారిస్ సోర్బాన్ నుంచి డాక్టరేట్ తెచ్చుకుంది.

సరే, మీకు ప్లేస్‌మెంట్లే కావాలి కదా, ఇదిగోండి. మార్టిన్ లూథర్ కింగ్, అట్లాంటాలోని మోర్‌హౌస్ కాలేజీ, సోషియాలజీ, 1948. క్యాంపస్ ఇంటర్వ్యూలో ఎవరూ తీసుకున్నట్టు లేదు. ఆ కాలేజీ అధ్యక్షుడు బెంజమిన్ మేస్ అంతకుముందే మన దేశం వచ్చి గాంధీని కలిసి వెళ్లాడు. తుర్‌గుడ్ మార్షల్, లింకన్ విశ్వవిద్యాలయంలో బీఏ, ఆపైన హోవర్డ్‌లో లా. 1954లో బడుల్లో తెల్ల, నల్ల పిల్లల మధ్య ఉన్న గోడలను సుప్రీంకోర్టులో వాదించి పడగొట్టించాడు. టోనీ మారిసన్, హోవర్డ్, 1953, ఇంగ్లీషు సాహిత్యం, దానితో పాటు గ్రీకు లాటిన్ చదువు. 1993లో నోబెల్. ఏ కంపెనీలో, ఎంత ప్యాకేజీ అని మాత్రం అడక్కండి.

ఇంకొకటి. 1946 చట్టం ప్రకారం ఈ అమెరికాకు ఏడాదికి 100 మంది భారతీయులే వలస రాగలిగేవారు. వందమంది! మన అసోసియేషన్ ఉగాది పులిహోర వరుసలో అంతకంటే ఎక్కువమంది నిలబడతారు. ఆ కోటాలను రద్దు చేసిన 1965 చట్టం ఊడిపడలేదు. ఈ నల్లజాతి కాలేజీల పిల్లలు వీధుల్లో దెబ్బలు తిని, జైళ్లకు వెళ్లి నడిపిన పౌరహక్కుల ఉద్యమం ఊపులో వచ్చింది. "వాళ్లే కదండీ" అన్నప్పుడు, మీ గ్రీన్‌కార్డు మీద ఎవరి చెమట ఉందో ఒకసారి వెనక్కి తిప్పి చూసుకోండి.

నేనేమీ హోవర్డ్‌కు భజన చేయడం లేదు. 2021లో వాళ్లే తమ క్లాసిక్స్ శాఖను, అంటే ప్రాచీన గ్రీకు, లాటిన్ చదువుల శాఖను, ఎత్తేశారు. నల్లజాతి విశ్వవిద్యాలయాల్లో అప్పటికి అలాంటి శాఖ మిగిలింది అదొక్కటే. ప్రాచీన గ్రీకు, రోమన్ లోకంలో ఆఫ్రికన్ల గురించి జీవితమంతా పరిశోధించిన ఫ్రాంక్ స్నోడెన్ పాఠం చెప్పిన శాఖ. ఇతర శాఖల్లో కోర్సులు ఉంటాయిలే అన్నారు. ఉంటాయిలే అన్నవేవీ ఉండవని మన డిగ్రీ కాలేజీల తెలుగు శాఖలను అడగండి. అదే సమయంలో లలితకళల కళాశాలకు సినిమా నటుడు చాడ్విక్ బోస్‌మన్ పేరు పెట్టారు, అది మంచి పనే. తాను విద్యార్థిగా ఉన్నప్పుడు ఆ కళాశాలను విడిగా ఉంచమని కొట్లాడినవాడు. నల్లజాతి కాలేజీల దగ్గర డబ్బు లేదంటారు, నిజమే, లేదు. 2023లో అమెరికా కేంద్ర ప్రభుత్వం 16 రాష్ట్రాల గవర్నర్లకు ఉత్తరాలు రాసింది, ప్రభుత్వ భూముల కేటాయింపు (ల్యాండ్ గ్రాంట్) పద్ధతి కిందికి వచ్చే నల్లజాతి విశ్వవిద్యాలయాలకు మీరు ఇవ్వాల్సింది 1,200 కోట్ల డాలర్లకు పైగా ఎగ్గొట్టారని. ముందు పొట్ట కొట్టి, తర్వాత సన్నగా ఉన్నావేమని అడగడం!

ఇంతకీ నా అసలు మంట ఈ పెద్దమనిషి మీద కాదేమో. ఇంటర్‌లో నేను హెచ్ఈసీ అడిగితే మా ఇంట్లో ఎవరో పోయినంత పని చేశారు. ఎంపీసీలో పడేశారు. ఆ హాస్టల్ కాలేజీలో రెండో భాషగా తెలుగు వద్దు, సంస్కృతం తీసుకో అన్నారు. ఎందుకు? మార్కులు పడతాయని. ఒక్క శ్లోకం అర్థం కాకుండా నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకున్న తరం మాది. ఇదే సంస్కృతం చదువుకుంటానని హైస్కూల్లో అంబేడ్కర్ అడిగితే అంటరానివాడికి చెప్పం అన్నారు, ఆయన పర్షియన్ తీసుకోవాల్సి వచ్చింది. ఆయనకు తలుపు వేసిన గదిని మేము మార్కుల గోదాము చేసుకున్నాం.

బుకర్ టీ కథ మనకు తెలియనిదేమీ కాదు. 1953లో ముఖ్యమంత్రి రాజాజీ ఒక పథకం తెచ్చారు, పల్లెబడి పిల్లలు సగం పూట బడి, సగం పూట తండ్రి వృత్తి. అప్పటికి మనం ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం. కులవిద్య అని జనం మండిపడ్డారు, మరుసటి ఏడాదికి పథకమూ పోయింది, ఆయన పదవీ పోయింది. ఆలోచన మాత్రం పోలేదు, ప్రభుత్వ బడి పిల్లలకు సాహిత్యం ఎందుకు, స్కిల్స్ నేర్పితే చాలు అని ఇప్పటికీ టీవీ చర్చల్లో వినపడుతూనే ఉంటుంది. జాషువా ఆ మాట విని ఉంటే ఏమయ్యేది? వినుకొండలో పుట్టి, సభల్లో కులం అడిగించుకుని, కాళిదాసు మేఘాన్ని లాక్కుని దాని చోట గబ్బిలాన్ని కూర్చోబెట్టాడు. తనను రానివ్వని గుడిలోకి గబ్బిలం వెళ్లగలదు కాబట్టి. కాళిదాసు తెలియకపోతే ఆ దెబ్బ కొట్టగలిగేవాడా? మా మేనకోడలికి ఈ సంగతి చెబితే, హోవర్డ్‌లో మొదటి వ్యాసం దీని మీదే రాస్తానంది.

తరగతులు ఆగస్టులో మొదలు. అప్పటిదాకా ఆ పిల్లను ఎవరూ "తర్వాత ఏం చేస్తావమ్మా" అని అడగొద్దు. ప్లేస్‌మెంట్ల వివరాలు కావలసినవాళ్లు నాకు మెసేజ్ పెట్టండి, తీరిగ్గా తిడతాను.