కొలిచినవారికీ వాటా ఉండాలి

అడవులను పైనుంచి చూసే కళ్లకు ఇప్పుడు కొదవ లేదు. 2025 ఏప్రిల్‌లో ఐరోపా అంతరిక్ష సంస్థ 'బయోమాస్' ఉపగ్రహాన్ని పంపింది. జులైలో ఇస్రో, నాసా కలిసి నిసార్ ఉపగ్రహాన్ని ప్రయోగించాయి. మబ్బు పట్టినా, చీకటి పడినా వీటి రాడార్లు పనిచేస్తాయి. సంతోషమే. కానీ ఉపగ్రహం చెట్టును తూకం వేయలేదు. వెనక్కి వచ్చిన రాడార్ సంకేతాన్ని, అడవిలో ఎన్ని టన్నుల కర్ర, కార్బన్ ఉన్నాయన్న లెక్కలోకి మార్చాలంటే, ముందుగా ఎవరో అడవిలోకి వెళ్లి కాండానికి టేపు చుట్టి, ఎత్తు చూసి, జాతి గుర్తుపట్టి రాసుకుని ఉండాలి. ఒకే లావు, ఒకే ఎత్తు ఉన్న రెండు చెట్లలో ఒకటి బెండు లాంటి కర్ర, మరొకటి గట్టి చేవ ఉన్నదైతే వాటిలోని కార్బన్ రెట్లలో తేడా వస్తుంది. పైనుంచి చూస్తే రెండూ పచ్చగానే ఉంటాయి.

ఈ పనికి ఎంత ఓపిక కావాలో పనామాలోని బారో కొలరాడో దీవిని చూస్తే తెలుస్తుంది. 1980ల మొదట్లో అక్కడ 50 హెక్టార్లలో, సెంటీమీటరు మందం దాటిన ప్రతి కాండాన్నీ కొలిచి నంబరు కట్టారు. రెండు లక్షలకు పైగా తేలాయి. దాదాపు ఐదేళ్లకోసారి అంతా మళ్లీ కొలుస్తున్నారు. అదే పద్ధతి తర్వాత ఎన్నో దేశాలకు వెళ్లింది. పద్ధతి ఒకటే కాకపోతే పోలికే ఉండదు. ఒకరు నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో కొలిచి, తర్వాత వచ్చినవారు కాస్త పైన కొలిస్తే, పెరిగిన చెట్టు కూడా కాగితం మీద చిక్కిపోతుంది!

కలిసి కొలిస్తే ఏం బయటపడుతుందో అమెజాన్ చూపించింది. 321 ప్లాట్లు (చెట్లను పదేపదే కొలవడానికి హద్దులు గీసిన అడవి ముక్కలు), ముప్పై ఏళ్ల కొలతలు, వంద మంది దాకా పరిశోధకులు. వీటిని ఒకచోట చేర్చాక 2015లో తేలిందేమిటంటే, 1990లతో పోలిస్తే 2000ల దశాబ్దంలో ఆ అడవి పోగుచేసుకునే కార్బన్ సుమారు మూడో వంతు తగ్గింది. చెట్ల చావులు పెరగడం దానికి ముఖ్య కారణం. ఏ ఒక్క బృందమూ ఒంటరిగా చెప్పగలిగిన సంగతి కాదిది.

ఇంత విలువైన సహకారంలో పంపకాలు మాత్రం సరిగా లేవన్నది మా అభిప్రాయం. డేటా అందరికీ ఫ్రీగా ఇవ్వాలన్న మాట వినడానికి బాగుంటుంది. ఉపగ్రహ డేటా ఫ్రీ అయితే దాని ఖర్చు అంతరిక్ష సంస్థలు ముందే భరించాయి. ప్లాట్ డేటా ఫ్రీ అయితే ఆ ఖర్చు ఎవరిది? మూడేళ్ల ప్రాజెక్టు నిధులు ఐదేళ్లకు రావాల్సిన కొలతల దాకా నిలవవు. జలగలు, బురద, పాముల మధ్య తిరిగే స్థానిక సిబ్బందిలో చాలామంది పేర్లు పరిశోధన పత్రాల్లో కనిపించవు. ఆకు, బెరడు చూసి జాతి చెప్పగలవారు రిటైరైతే వారి స్థానంలో కొత్తవారిని తీసుకోవడమూ అంతంతమాత్రమే. డేటా దించుకుని దూరంగా విశ్లేషించినవారికి మాత్రం పేరు, తర్వాతి గ్రాంటు దక్కుతాయి.

ఉపగ్రహ ప్రాజెక్టుల బడ్జెట్‌లోనే నేలమీది కొలతలకు ఒక వాటా రాసిపెట్టాలి. అది ప్రయోగంతో ముగిసే వాటా కాకూడదు, ఉపగ్రహం పనిచేసినంత కాలం అందాలి. ప్లాట్లు నడిపేవారిని ప్రశ్నలు తయారుచేసే దశలోనే కూర్చోబెట్టాలి, విశ్లేషణలో వారి విద్యార్థులకు శిక్షణ ఇవ్వాలి. రెండు ఉపగ్రహాలూ పైకి చేరాయి కాబట్టి ఈ ఒప్పందాలకు ఇదే సమయం. ఒక విడత కొలతలు తప్పిపోతే, ఆ మధ్యలో ఏ చెట్టు ఏ ఏడాది, దేనివల్ల చనిపోయిందో తర్వాత ఎంత డబ్బు పోసినా తెలుసుకోలేం.