ఆర్కెస్ట్రా అని రాస్తే వాయించేవాళ్లు ఉండాలి

తిరుపతిలో ఏ వీధిలోనైనా ఆర్కెస్ట్రా అంటే చవితి పందిట్లోనో, పెళ్లి రిసెప్షన్‌లోనో సినిమా పాటలు పాడే బృందమే. ఇద్దరు గాయకులు, ఒక కీబోర్డు, దరువులు పలికే ఒక ఎలక్ట్రానిక్ ప్యాడ్, తబలా. ఆ వాడుక తప్పంటారు కొందరు. వయొలిన్లు, బాకాలు, వేణువులతో 80, 90 మంది కూర్చుని వాయిస్తేనే ఆర్కెస్ట్రా అంటారు. పాశ్చాత్య సంగీతంలో ఆ అర్థం ఉన్న మాట నిజమే. అదొక్కటే అసలు అర్థమంటే మాత్రం ఒప్పుకోను.

గ్రీకులో ఆర్కెస్ట్రా అంటే వాద్యబృందం కానే కాదు, ఒక చోటు. నాట్యమాడడం అనే క్రియలోంచి పుట్టిన మాట. రంగస్థలం ముందున్న గుండ్రటి నేల మీద కోరస్ అనే బృందం పాడుతూ ఆడేది. రోమన్లు అక్కడ సెనేటర్లను కూర్చోబెట్టారు. తర్వాత ఐరోపా నాటకశాలల్లో వేదిక ముందు వాద్యగాళ్లు చేరాక చోటు పేరు మనుషులకొచ్చింది. ఇన్ని ఇళ్లు మారిన మాట మన పందిట్లో ఇంకోసారి మారితే నేరమా? నిజానికి దాని పుట్టింటికి దగ్గరగా ఉన్నది మనమే. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వేషాలు కట్టినవాళ్లు డప్పు దరువుకు చిందేసే నేలను ఆ కాలపు గ్రీకువాడు చూస్తే ఆర్కెస్ట్రా అనే అంటాడు. మనకు మాటలు లేకా కాదు. నాట్యశాస్త్రంలో వాద్యగాళ్ల సమూహానికి కుతపం అని పేరుంది, ఊళ్లో మేళం ఉండనే ఉంది. అయినా జనం ఆర్కెస్ట్రాను కావాలని తెచ్చుకున్నారు.

నా బాధ అర్థం గురించి కాదు, పెన్‌డ్రైవ్ గురించి. ఫ్లెక్సీ మీద ఆర్కెస్ట్రా అని ఉంటుంది, వేదిక మీద పెన్‌డ్రైవ్‌లోంచి ముందే రికార్డు చేసిన వాద్యాల ట్రాక్ మోగుతుంటుంది. వాయించేవాళ్లుంటే, పాడే అమ్మాయి గొంతు తడబడినప్పుడు కీబోర్డు కుర్రాడు ఆ వరస తానందుకుంటాడు. జనం ఊపు మీదుంటే ప్యాడ్ వాయించేవాడు దరువును ఇంకో రెండు చుట్లు తిప్పుతాడు. ట్రాక్ ఎవరి కోసమూ ఆగదు. శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఉన్న ఊరు మనది. వాద్యం నేర్చుకున్న పిల్లలకు పక్క వీధి పందిట్లోనే ఒక రాత్రి కూలి దొరకకపోతే ఆ చదువు ఎక్కడికి పోవాలి?

చందాలు చాలని వీధులున్నాయి, తెలుసు. వాళ్లు కరపత్రంలో పాటల కచేరీ అని వేసుకోవచ్చు. ఆర్కెస్ట్రా అని వేసే కమిటీలు మాత్రం కనీసం నలుగురు వాద్యగాళ్లను వేదికెక్కించాలి. వాళ్ల కూలి సీరియల్ లైట్ల ఖర్చుకంటే ముందు లెక్కలో రాయాలి.