కాల్‌లో ఇంకెవరున్నారు?

జర్మనీ వైమానిక దళాధిపతి, మరో ముగ్గురు అధికారులు వెబెక్స్ అనే ఇంటర్నెట్ కాల్ వేదికలో 38 నిమిషాలు మాట్లాడుకున్నారు. టారస్ క్షిపణులను ఉక్రెయిన్‌కు ఇస్తే ఏమవుతుంది, వాటితో వంతెనలను కూల్చవచ్చా అన్నది చర్చ. 2024 ఫిబ్రవరి 19న జరిగిన ఆ సంభాషణను మార్చి 1కల్లా రష్యా ప్రభుత్వ ప్రసార సంస్థ ఆర్‌టీ లోకానికంతటికీ వినిపించింది. విమాన ప్రదర్శన కోసం సింగపూర్ వెళ్లిన ఒక అధికారి, అనుమతి లేని మార్గంలో కాల్‌లో చేరడమే కారణమని జర్మనీ రక్షణ మంత్రి బోరిస్ పిస్టోరియస్ వెల్లడించారు. తమ సమాచార వ్యవస్థలోకి మాత్రం ఎవరూ చొరబడలేదని చెప్పుకొన్నారు. ఇంటి తాళం భద్రంగానే ఉంది, సొమ్మే పోయింది అన్నట్లుంది ఆ సమాధానం.

ఆ పొరపాటు చేసింది కొత్తగా చేరిన గుమాస్తా కాదు. ఇంటర్నెట్ కాల్స్ భద్రత గురించి సంస్థలు పాఠాలు చెప్పేది మాత్రం ఎక్కువగా కింది ఉద్యోగులకే. 2020 మార్చి 31న బ్రిటన్ ప్రధాని బోరిస్ జాన్సన్ తన మంత్రివర్గ జూమ్ సమావేశం ఫొటోను ట్విట్టర్‌లో పెట్టినప్పుడు, అందులో సమావేశం నంబరు కూడా కనిపించింది. ఆ ఏప్రిల్‌లోనే మన కేంద్ర హోం శాఖ, ప్రభుత్వ అధికారులు అధికారిక పనులకు జూమ్ వాడవద్దని సూచించింది. మాట్లాడుకునేవారు తప్ప మరెవరూ మాటలు వినకుండా ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ (సంకేత భాష రక్షణ) ఉందని జూమ్ కంపెనీ చెప్పుకున్నా, ఆ సంకేతాలను విప్పే తాళంచెవులు దాని దగ్గరే ఉన్నాయని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ తర్వాత ఆరోపించింది.

వాడేవారు ఎంత జాగ్రత్తగా ఉన్నా సరిపోని సందర్భమూ ఉంది. టేబుల్ మీది ఫోన్ల స్థానంలో ఎన్నో కార్యాలయాలు వాడే త్రీసీఎక్స్ సాఫ్ట్‌వేర్‌లో 2023 మార్చిలో జరిగింది అదే. తనకు 6 లక్షల సంస్థలు ఖాతాదారులని అప్పట్లో చెప్పుకున్న ఆ కంపెనీ నుంచే, దాని అసలైన డిజిటల్ సంతకంతోనే, విషం కలిసిన అప్‌డేట్ వెళ్లింది. యాంటీవైరస్‌లు హెచ్చరిస్తే, తెలిసిన సాఫ్ట్‌వేరే కదా, ఉత్తుత్తి హెచ్చరిక అనుకున్నవారున్నారు. కంచే చేను మేస్తుందని ఎవరు ఊహిస్తారు? ఆ కంపెనీ ఉద్యోగి ఒకరు సొంత కంప్యూటర్‌లోకి దించుకున్న ఆర్థిక మార్కెట్ల వ్యాపార సాఫ్ట్‌వేరే దీనికి మూలమని దర్యాప్తు చేసిన సైబర్ భద్రత సంస్థ మాండియంట్ తేల్చింది. అది కూడా అంతకుముందే కలుషితమైనదే.

ఏ యాప్ మంచిది అన్న చర్చ దగ్గరే ఆగిపోవడం వల్ల ప్రయోజనం లేదని మా అభిప్రాయం. సంస్థ డబ్బు పెట్టి ఒక వేదిక కొంటుంది. పై అధికారి రాత్రి తొమ్మిదింటికి ప్రయాణంలో ఉండి వాట్సాప్ కాల్ చేసి, టెండరు వివరాలో, రోగి నివేదికో, ఖాతాదారుల జాబితానో చదవమంటారు. ‘సార్, ఇది ఆఫీసు లైనులో మాట్లాడదాం’ అనగల ధైర్యం మన కొలువుల్లో ఎందరికుంది? ఈ మధ్య సమావేశాల్లో నోట్స్ రాసిపెట్టే కృత్రిమ మేధ సహాయకులు పిలవకుండానే వచ్చి కూర్చుంటున్నాయి. అవి రాసుకున్నది ఏ సర్వర్‌కు వెళ్తుందో అడగడం మర్యాద కాదనుకుని అందరూ ఊరుకుంటున్నారు.

చట్టం మొహమాటపడదు. సైబర్ దాడి తెలిసిన 6 గంటల్లో తనకు సమాచారం ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్‌ఇన్ 2022లోనే ఆదేశించింది. వ్యక్తిగత సమాచారానికి తగిన రక్షణ కల్పించని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయవచ్చని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం చెబుతోంది. ఆ జరిమానా కట్టవలసింది సంస్థే. కాబట్టి ఏ విషయం ఏ లైనులో మాట్లాడకూడదో యాజమాన్యాలు, శాఖాధిపతులు ముందు తమకు వర్తించేలా రాసుకోవాలి. ప్రయాణంలో ఉన్నప్పుడు, హోటల్ వైఫైలో ఉన్నప్పుడు ఏం చేయాలో అందులో విడిగా ఉండాలి. గీత దాటిన కాల్‌ను కింది ఉద్యోగి మధ్యలోనే ఆపే హక్కును కాగితం మీద పెట్టాలి. ఆ హక్కును వాడుకున్నందుకు ఆ ఉద్యోగి మర్నాడు బదిలీ ఉత్తర్వు అందుకోకూడదు.