చాయ్‌తో థైరాయిడ్ గోలి

(నల్లకుంటలో ఒక అపార్ట్‌మెంటు. మే నెలాఖరు, రోహిణి కార్తె. ఊరంతా కూలర్ల ముందు కూలబడితే, యాదగిరి స్వెటర్ తొడుక్కుని, ఫ్యాన్ ఆపించి, రక్త పరీక్ష రిపోర్టు చదువుతున్నాడు. కరెంటాఫీసులో రిటైరయ్యాడు, ఇప్పుడు అపార్ట్‌మెంటుకు సెక్రటరీ. భార్య సుగుణ ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పి రిటైరైంది. పాఠం మాత్రం ఇంకా ఆగలేదు.)

యాదగిరి: సుగుణా, చూసినవా? టీఎస్‌హెచ్ 11.6 ఉన్నది! పక్కన 0.4 నుంచి 4 దాకా ఉండాలని రాసిండ్రు. థైరాయిడ్ మస్తు ఎక్కువైంది. రేపట్నుంచి గోలి సగం విరిచి వేసుకుంట.

సుగుణ: విరవండి. ఈ స్వెటర్ మీద ఇంకో రగ్గు కూడ కప్పుకుందురు. అది ఎక్కువ కాలేదయ్యా, తక్కువైంది.

యాదగిరి: 4 పెద్దదా, 11 పెద్దదా? గిదేం లెక్క?

సుగుణ: టీఎస్‌హెచ్ థైరాయిడ్ నుంచి రాదు. పుర్రె అడుగున అర గ్రాము తూగే పిట్యూటరీ ఉంటది, దాని హుకుం అది. ట్యాంకుల నీళ్లు లేనప్పుడే గద మీరు బాల్కనీల నిలబడి వాచ్‌మన్ మీద అరిచేది? నిండినంక అరుస్తరా? మీ అరుపు టీఎస్‌హెచ్, ట్యాంకుల నీళ్లు టీ4 అనే థైరాయిడ్ హార్మోన్. కింది లైను చదవండి.

యాదగిరి: ఫ్రీ టీ4... 0.6. ఉండాల్సింది 0.8 నుంచి 1.8.

సుగుణ: తెలిసిందా? గొంతు ముందరి థైరాయిడ్ సరిగ్గ పనిచేస్తలేదు, పైనున్నది అరిచీ అరిచీ 11.6 దాకా పోయింది. దాని మీద మెదడుల హైపోథాలమస్, అక్కడ్నుంచి పిట్యూటరీకి టీఆర్‌హెచ్ అనే హుకుం వస్తది. రక్తంల థైరాయిడ్ హార్మోన్ సరిపోయిందంటె పైనున్న ఇద్దరూ గప్‌చుప్.

యాదగిరి: మరి రోజూ 75 మైక్రోగ్రాముల గోలి మింగుతున్న గద? అది ఎటువోయింది?

సుగుణ: ఎట్ల మింగుతున్నరో మీరే చెప్పండి.

యాదగిరి: ఎట్లేంది, చాయ్ తోని. రెండు ఉస్మానియా బిస్కెట్లు, థైరాయిడ్ గోలి, కాల్షియం గోలి, ఆ ఐరన్ గోలి. ఒక్కటే గుక్క. అన్నీ పోయేది కడుపులకే గద!

(సుగుణ తలపట్టుకుంది. చాలా ఇళ్లల్లో మందు పనిచేయకపోవడానికి కారణం ఈ ఒక్క గుక్కే.)

సుగుణ: కడుపు ఖాళీ ఉన్నప్పుడు కూడ ఆ మందుల 60 నుంచి 80 శాతమే పేగు పీల్చుకుంటది. కాల్షియం, ఐరన్ కలిసినయంటే మందును అక్కడనే పట్టుకుంటయి, రక్తంలకు పోనియ్యవు. పాలు, కాఫీ కూడ అడ్డమే. మీరు మింగింది మైక్రోగ్రాములల్ల, అడ్డం పెట్టింది మిల్లీగ్రాములల్ల!

యాదగిరి: మరెట్ల మింగాలె?

సుగుణ: లేవంగనే, ఒక గిలాస వట్టి నీళ్లతోని. గంట దాక చాయ్ లేదు, బిస్కెట్ లేదు. అరగంటతో కూడ నడుస్తది గని మీకు గంటే కరెక్టు. కాల్షియం, ఐరన్ నాలుగు గంటలైనంక, మధ్యాహ్నం బువ్వతోని. గ్యాస్ గోలి గూడ రోజూ వేసుకుంటున్నరని డాక్టర్‌కు చెప్పండి, కడుపుల ఆసిడ్ తగ్గితే ఈ మందు సరిగ్గ కరగదు. ఇగ మీల్ మేకర్ కూర పొద్దుగాలనే వద్దు, సోయా గూడ అడ్డమే.

యాదగిరి: గంట సేపు చాయ్ లేకుంట పేపర్ ఎట్ల చదువుతరే! రాత్రి పండుకునేటప్పుడు వేసుకుంటె?

సుగుణ: వేసుకోవచ్చు. తిన్నంక మూడు గంటలు ఆగాలె. మీరు తినేది పదింటికి, గురక మొదలయ్యేది పదింబావుకు.

యాదగిరి: పోనీ, అయోడిన్ తక్కువైందేమో. కూరల ఉప్పు ఇంకింత వెయ్యి.

సుగుణ: బీపీ కూడ కావాల్నా? రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ సరిపోతది, మనం తినే ఉప్పుల అది ఉన్నది. పోయినేడు మీ యాంటీ టీపీఓ, అంటే థైరాయిడ్ మీదికి లేచే యాంటీబాడీలు, చూసిన్రు గద, మస్తు ఉండె. మీ రక్షణ కణాలే మీ గ్రంథిని కొరుకుతున్నయి. హషిమోటో అని జపాన్ డాక్టర్ 1912లనే రాసిండు దీని గురించి.

యాదగిరి: మరి కొలెస్ట్రాల్ పెరిగింది నీ నెయ్యి వల్లనే.

సుగుణ: నెయ్యి మీద పడకండి! రక్తంల ఎల్‌డీఎల్‌ను, అదే చెడ్డ కొలెస్ట్రాల్‌ను, లాగే రిసెప్టర్లు లివర్ల ఉంటయి, థైరాయిడ్ హార్మోన్ తక్కువైతె అవి తగ్గుతయి. ఎండల చలి, మలబద్ధకం, నాడి నిమిషానికి 54, ఆ బొంగురు గొంతు, అన్నీ ఒక్క ఖాతానే. అయినా ఈ 11.6 కూడ నిజమో కాదో. వెంట్రుకల గోలి వేసుకుంటున్నరా?

యాదగిరి: (మెల్లగా) ...ఏ వెంట్రుకల గోలి?

సుగుణ: దిండు కింద దొరికింది. బయోటిన్, 10,000 మైక్రోగ్రాములు. కొన్ని మిషన్లల్ల అది టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికన్న తక్కువ చూపిస్తది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపాలె.

యాదగిరి: అంటే 11.6 కూడ తక్కువ జేసి చెప్పిందేనా! అయితె రేపు రెండు గోలీలు వేసుకుంట, జల్ది దిగుతది.

సుగుణ: ట్యాంకు పొంగుతది! గుండె దడ, చేతుల వణుకు, నిద్ర లేకపోవుడు. అట్లనే చాన రోజులు నడిస్తె గుండె లయ తప్పుతది, ఎముకలు గుల్లయితయి. మందు రక్తంల సగం కానీకె వారం పడుతది. అందుకే ఇయ్యాల మార్చిన పద్ధతి లెక్కకు రానీకె ఆరు నుంచి ఎనిమిది వారాలు. జులైల మళ్ల పరీక్ష. అప్పటిదాక డోసు పెంచుడు, తగ్గించుడు రెండూ డాక్టర్ పనే.

యాదగిరి: సరే. ఆరింటికి గోలి, ఏడింటికి చాయ్. పొద్దుగాల ఆరింటికి నన్ను నువ్వు లేపు.

సుగుణ: నేనెందుకు లేపుతా? నేనేమన్న మీ పిట్యూటరీనా?

యాదగిరి: ముప్ఫై ఏండ్లనుంచి నా మీద అరుస్తున్నది ఎవరే మరి?

(సుగుణ దిండు కింది బయోటిన్ సీసా తెచ్చి చెత్తబుట్టలో పడేసింది. యాదగిరి ఒక్క ఉరుకు ఉరికాడు. నాడి 54 అంటే నమ్మలేం.)