తీగ లేనందుకే ఆ ధర

మా పిన్ని కొడుకుది కదిరి. బెంగళూరులో, మారతహళ్ళి పీజీ హాస్టల్‌లో ఉంటాడు. పగలంతా ఆఫీసు లాప్‌టాప్ ముందు మీటింగులు, రాత్రి పది దాటాక అదే బల్ల మీద సొంత లాప్‌టాప్ తెరిచి వాలరెంట్ అనే తుపాకుల ఆట. మొన్న బోనస్ పడగానే ఫోను చేశాడు. "అన్నయ్యా, మంచి వైర్‌లెస్ గేమింగ్ హెడ్‌సెట్ కొందామనుకుంటున్నాను. ముప్పై వేల దాకా పెడతాను. దేనిలో సౌండ్ బాగుంటుంది?" అప్పటికే నాలుగు పేర్లు రాసి పెట్టుకున్నాడు. దేని డ్రైవర్ (చెవి దగ్గరుండే బుల్లి స్పీకర్) ఎన్ని మిల్లీమీటర్లో, దేని సరౌండ్ ఎన్ని చానళ్ళో వాడికి కంఠతా వచ్చు.

వాడికి చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను. ఇరవై వేలు దాటిన వైర్‌లెస్ హెడ్‌సెట్ కొనేటప్పుడు సౌండ్ సంగతి ఆఖరున అడగాలి. ఆ ధరలో మరీ చెడ్డ సౌండ్ ఇచ్చేవి అరుదు. దానికి దీటైన సౌండ్ తీగ ఉన్న హెడ్‌ఫోన్లలో అందులో మూడో వంతు ధరకే దొరుకుతుంది. మిగతా డబ్బంతా తీగ తీసేసినందుకు కడుతున్నాం. మెడకు చుట్టుకునే ఆ తీగను విసుక్కుంటాం కానీ, అది చేసే పనులు తక్కువేమీ కాదు. శబ్దాన్ని ఆలస్యం లేకుండా చెవికి చేరుస్తుంది, మన గొంతును కంప్యూటర్‌కు మోసుకుపోతుంది, బ్యాటరీ అవసరం లేకుండా చేస్తుంది. తెగిపోతే, ఊడదీసే రకమైతే, కొత్తది తెచ్చి తగిలించుకుంటాం. ఈ పనులన్నీ ఇప్పుడు ఒక రేడియో, ఒక బ్యాటరీ చేయాలి. అవి ఎంత బాగా చేస్తున్నాయో చూసి డబ్బు పెట్టాలి.

ముందు ఆలస్యం. సాధారణ బ్లూటూత్‌లో శబ్దం చెవికి చేరేసరికి దాదాపు 150 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. సినిమా చూసేటప్పుడు ఫోను ఆ తేడాను చిత్రంతో సర్దేస్తుంది కాబట్టి మనకు తెలియదు. ఆటలో సర్దడానికి ఏమీ ఉండదు, ఎందుకంటే తర్వాతి క్షణంలో ఏం జరుగుతుందో ఆటకే తెలియదు. సెకనుకు 60 ఫ్రేముల ఆటలో 200 మిల్లీసెకన్లంటే 12 ఫ్రేములు. అవతలివాడు మూల తిరిగి కాల్చేశాక వాడి అడుగుల చప్పుడు వినిపించినట్టు. అందుకే చాలా వైర్‌లెస్ గేమింగ్ హెడ్‌సెట్లు ఆటకు బ్లూటూత్‌ను పక్కనపెట్టి 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల మీద తమ సొంత పద్ధతి నడుపుతాయి. పెట్టెలో వచ్చే, కంప్యూటర్‌కు గుచ్చే బుల్లి యూఎస్‌బీ డాంగిల్ అందుకే. మంచి వాటిలో ఆలస్యం 20 మిల్లీసెకన్ల దరిదాపుల్లోకి వస్తుంది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కాబట్టి, అది ఏడు మీటర్ల దూరంలో పెట్టిన స్పీకర్‌ను వినడంతో సమానం. దాంతో ఎవరూ ఓడిపోరు.

ఇంతవరకు అందరూ చెబుతారు. ఆ 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ మీద ఎవరెవరు కూర్చున్నారో మాత్రం పెట్టె మీద రాయరు. 2,400 నుంచి 2,483.5 మెగాహెర్ట్జ్ దాకా, మొత్తం 83.5 మెగాహెర్ట్జ్. లైసెన్సు అక్కర్లేని దారి కావడంతో అందరూ ఆ దారినే పడ్డారు. పాత వైఫై అక్కడే, బ్లూటూత్ అక్కడే, వైర్‌లెస్ మౌస్, కీబోర్డు అక్కడే. ఒకదానితో ఒకటి ఢీకొనకుండా ఉండే వైఫై చానళ్ళు అందులో మూడే: 1, 6, 11. మా తమ్ముడి హాస్టల్లో అంతస్తుకు ఎనిమిది గదులు, సగం గదుల్లో సొంత రౌటర్లు. వాడి లాప్‌టాప్‌లో వైఫై జాబితా తెరిస్తే వేలితో రెండుసార్లు కిందికి జరిపితే గానీ అయిపోలేదు.

వాడు స్నేహితుడి దగ్గర అరువు తెచ్చిన హెడ్‌సెట్‌ను ఒక రాత్రి నేను అక్కడే కూర్చుని చూశాను. పది దాటేదాకా బాగానే ఉంది. పదిన్నరకు శబ్దం తెగడం మొదలైంది. కొన్ని క్షణాలు గరగర, మళ్ళీ మామూలు, మళ్ళీ గరగర. వాడు హెడ్‌సెట్‌ను తిట్టుకుంటున్నాడు. నేను లేచి వెళ్ళి చూస్తే గోడకు అవతల వంటగదిలో మైక్రోవేవ్ తిరుగుతోంది, ఎవరో సాంబారన్నం వేడి చేసుకుంటున్నారు. మైక్రోవేవ్ పనిచేసేది సుమారు 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర, అంటే సరిగ్గా ఆ పట్టీ నడిబొడ్డున. తలుపు సందుల్లోంచి కారే కాస్త శక్తి మనిషికి హాని చేయదు కానీ, ఆ బుల్లి డాంగిల్ గొంతు నొక్కడానికి చాలు. ఇక డాంగిల్ ఎక్కడుందని చూస్తే లాప్‌టాప్ వెనక నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టులో, పక్క పోర్టులో బయటి హార్డ్‌డిస్కు. యూఎస్‌బీ 3 నడుస్తున్నప్పుడు దాని నుంచి వెలువడే రొద ఇదే 2.4 గిగాహెర్ట్జ్ పరిధిలో పడుతుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. వీధిలో ఊరేగింపు, ఇంట్లో మిక్సీ అన్నట్టుంది వాడి పరిస్థితి.

ఒక మీటరు యూఎస్‌బీ పొడిగింపు తీగ తెచ్చి డాంగిల్‌ను బల్ల అంచుకు, హెడ్‌సెట్‌కు ఎదురుగా లాగాం. లాప్‌టాప్ వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చాం. నాలుగింట మూడొంతుల గొడవ అక్కడితో తీరింది. రెండు వందల రూపాయలు కూడా ఖర్చు కాలేదు. తీగ వద్దని ముప్పై వేలు పెట్టబోతున్నవాడు మళ్ళీ తీగ కొనడం కొంత వింతగానే ఉంటుంది, ఒప్పుకుంటాను. కాబట్టి హెడ్‌సెట్లను పోల్చేటప్పుడు డాంగిల్ ఎలా ఉందో చూడండి. లాప్‌టాప్‌కు అతుక్కుపోయే గోరంత ముక్కా, లేక బల్ల మీద విడిగా పెట్టుకునే బేస్ స్టేషనా? స్టీల్‌సిరీస్ ఆర్క్టిస్ నోవా ప్రో వైర్‌లెస్, ఆస్ట్రో ఏ50 లాంటివి బేస్ స్టేషన్‌తో వస్తాయి. నోవా ప్రో బేస్ స్టేషన్ మీది చిన్న తెర, గుండ్రటి మీట చూసి ఆడంబరం అనుకుంటాం. నా దృష్టిలో యాంటెన్నాను లాప్‌టాప్‌కు దూరంగా పెట్టడమే బేస్ స్టేషన్ అసలు ప్రయోజనం.

మైకు దగ్గర బ్లూటూత్‌కు ఇంకో జబ్బు ఉంది. పాట వింటున్నంతసేపు స్టీరియో శబ్దం హాయిగా వస్తుంది. మైకు తెరిచిన మరుక్షణం పాత బ్లూటూత్ పద్ధతి హ్యాండ్స్‌ఫ్రీ దారికి మళ్ళి, శబ్దాన్ని ఒకే చానల్‌కు కుదించేస్తుంది. శాంపిలింగ్, అంటే శబ్దాన్ని కొలిచే వేగం, 8 కిలోహెర్ట్జ్, మహా అయితే 16. కాసెట్‌లో రెండు వందలసార్లు అరిగిన పాటలా ఉంటుంది. 2020లో ప్రకటించిన ఎల్‌ఈ ఆడియో అనే కొత్త బ్లూటూత్ పద్ధతి, శబ్దాన్ని కుదించే దాని ఎల్‌సీ3 కోడెక్ ఈ తలనొప్పిని తీర్చగలవు. అయితే హెడ్‌సెట్, కంప్యూటర్ రెండూ దాన్ని అర్థం చేసుకోవాలి. ఆఫీసు వారు ఇచ్చిన లాప్‌టాప్ అర్థం చేసుకుంటుందని నేను పందెం కాయను.

మైకు నాణ్యత కన్నా హాస్టల్లో ఉండేవారికి అక్కరకొచ్చేది సైడ్‌టోన్. మన గొంతును మన చెవికే కాస్త వినిపించే ఏర్పాటు అది. చెవులు పూర్తిగా మూసుకుపోయినప్పుడు మనిషి ఎంత గట్టిగా అరుస్తున్నాడో వాడికే తెలియదు. అర్ధరాత్రి ఒంటిగంటకు "వెనక చూడు, వెనక చూడు" అని మనవాడు అరిస్తే గోడకు అవతలివాడు తలుపు తడతాడు, లేదా పొద్దున్నే యజమాని పిలిపిస్తాడు. సైడ్‌టోన్ కొన్నిటిలో ఉంటుంది, కొన్నిటిలో ఉండీ ఎక్కువ తక్కువలు మార్చే వీలుండదు. ప్రకటనల్లో దీని ఊసే ఉండదు. మాన్యువల్‌లో వెతికి చూసుకోవాలి.

ఇంకొకటి. 2.4 గిగాహెర్ట్జ్, బ్లూటూత్ రెండూ ఒకేసారి వినిపించగలవా? ఆర్క్టిస్ నోవా ప్రో వైర్‌లెస్ ఆ పని చేస్తుంది. ఆట శబ్దం బేస్ స్టేషన్ మీద, ఫోను బ్లూటూత్ మీద. మ్యాచ్ మధ్యలో కదిరి నుంచి మా పిన్ని ఫోను చేస్తే హెడ్‌సెట్ తీయకుండానే మాట్లాడవచ్చు. కొన్ని హెడ్‌సెట్లలో ఏదో ఒకటే పనిచేస్తుంది, మీట నొక్కి మార్చాలి. మారేలోపు ఫోను కాస్తా ఆగిపోతుంది, ఆ తర్వాత ఎందుకు ఎత్తలేదో సంజాయిషీ చెప్పుకోవాలి.

బ్యాటరీ లెక్క వేసి చూస్తే నాకే ఆశ్చర్యం కలిగింది. 2022లో వచ్చిన హైపర్‌ఎక్స్ క్లౌడ్ ఆల్ఫా వైర్‌లెస్‌కు కంపెనీ చెప్పేది 300 గంటలు. 2023 నాటి ఆడిజీ మాక్స్‌వెల్‌కు 80కి పైగా. నోవా ప్రోది ఒక్కో బ్యాటరీకి ఇరవై గంటల పైచిలుకే కానీ, రెండు బ్యాటరీలు వస్తాయి, ఒకటి చెవి మీద ఉంటే ఇంకోటి బేస్ స్టేషన్‌లో నిండుతూ ఉంటుంది. కేవలం ఆడుకోవడానికే అయితే, రోజుకు మూడు గంటల చొప్పున, 20 గంటల బ్యాటరీకి కూడా ఏడాదికి 55 సార్లు నిండడం చాలు. లిథియం బ్యాటరీ 500 సార్లు నిండి ఖాళీ అయ్యేసరికి శక్తిలో అయిదో వంతు దాకా కోల్పోతుందనుకుంటే, దిగులే లేదు. మన వాళ్ళు మాత్రం ఒకే హెడ్‌సెట్‌తో పగలు మీటింగులు, రాత్రి ఆట నడిపిస్తారు. రోజుకు తొమ్మిది గంటలు, ఏడాదికి 300 రోజులు: 2,700 గంటలు. 20 గంటల బ్యాటరీకి ఏడాదికి 135 సార్లు, అంటే నాలుగేళ్ళు నిండకముందే ఆ అయిదు వందలు దాటిపోతాయి. 80 గంటల దానికి ఏడాదికి 34, 300 గంటల దానికి 9. కాబట్టి పెద్ద బ్యాటరీ అన్నది వారానికోసారి ప్లగ్ పెట్టే బాధ తప్పించడం కోసమే కాదు, హెడ్‌సెట్ ఆయుష్షు కోసం కూడా. చిన్న బ్యాటరీ అయితే చేత్తో మార్చుకునేలా ఉండాలి. చిన్నదీ, లోపల అతికించిందీ అయితే ఆ ధరకు నేను కొనను.

బరువు గురించి ఒక్కమాట. మాక్స్‌వెల్‌లో 90 మిల్లీమీటర్ల ప్లానార్ డ్రైవర్లు ఉన్నాయి. అంటే అయస్కాంతాల పక్కన పల్చటి పొర మొత్తం ఒకేలా కదులుతుంది, శబ్దం నిజంగానే తేటగా ఉంటుంది. ఆ పద్ధతి మీద మోజుతోనే కాబోలు, సోనీ గేమింగ్ విభాగం 2023లో ఆడిజీని కొనేసింది. కానీ ఆ అయస్కాంతాలు బరువు. మాక్స్‌వెల్ 490 గ్రాములు, రేజర్ బ్లాక్‌షార్క్ వీ2 ప్రో 320 గ్రాములు. అర కిలో కందిపప్పు పొట్లం నెత్తిన పెట్టుకుని పొద్దున్నుంచి మీటింగులకు కూర్చోవడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. కళ్ళద్దాలు పెట్టుకునేవారికి ఇంకో తంటా: అద్దాల కాడలు చెవి చుట్టూ ఉండే మెత్తను పైకి లేపుతాయి, ఆ సందులోంచి లోతైన శబ్దం కారిపోతుంది, కణత నొప్పి పుడుతుంది. కృత్రిమ తోలు మెత్తలు బెంగళూరు చలికి రెండు మూడేళ్ళు నిలుస్తాయేమో, చెన్నైలో మా బావ హెడ్‌సెట్ మెత్తలు ఏడాది తిరగకుండానే పెచ్చులూడి మెడ మీద నల్లటి పొట్టు రాల్చాయి. మెత్తలు విడిగా దొరికే హెడ్‌సెట్ కొనడం మేలు.

చుట్టూ స్పీకర్లున్నట్టు వినిపించే 7.1 సరౌండ్ మీద ఎక్కువ సమయం వృథా చేయను. దాదాపు అన్నిటిలో ఉండేవి రెండే డ్రైవర్లు, మిగతాదంతా సాఫ్ట్‌వేర్ లెక్క. వాలరెంట్‌లోనే హెచ్‌ఆర్‌టీఎఫ్ అనే అమరిక ఉంది, శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో అదే లెక్కగడుతుంది. దాని మీద హెడ్‌సెట్ సరౌండ్ కూడా వేస్తే పులుసులో మళ్ళీ చింతపండు పిసికినట్టు. ఒకటి ఆపేయండి. ఇక ఎక్స్‌బాక్స్ ఉన్నవారు పెట్టె మీద ఆ పేరు ఉందో లేదో చూసుకోవాలి. ప్లేస్టేషన్ కోసం చేసిన డాంగిల్ దానికి పనిచేయదు.

డాంగిల్ పోతే? ఇది నా సొంత గోడు. రెండేళ్ళ క్రితం అనంతపురం బస్సులో సీటు సంచిలో డాంగిల్ మరిచిపోయి దిగిపోయాను. కంపెనీకి రాస్తే, విడిగా అమ్మం, కొత్త హెడ్‌సెట్ మీద తగ్గింపు ఇస్తాం అన్నారు. పద్దెనిమిది వేల సరుకు ఇప్పుడు పావు సెకను ఆలస్యంతో పాటలు వినే బ్లూటూత్ హెడ్‌ఫోన్. అప్పటినుంచి ఎవరు అడిగినా, కొనే ముందు ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో డాంగిల్ విడిగా అమ్ముతున్నారేమో చూడమంటాను.

కిందటి శనివారం ఇద్దరం కె.ఆర్. మార్కెట్ మెట్రో స్టేషన్‌లో దిగి, ఎలక్ట్రానిక్స్ కొట్లుండే ఎస్పీ రోడ్డుకు నడిచాం. మొదటి కొట్లో ధర నాలుగు వేలు తక్కువ చెప్పారు. పెట్టె తిప్పి చూస్తే దిగుమతిదారు పేరు, చిరునామా ఉన్న చీటీయే లేదు. ఆ చీటీ లేని సరుకుకు ఇక్కడ వారంటీ అడిగితే ఎవరు పలుకుతారు? మూడో కొట్లో చీటీ ఉంది, జీఎస్టీ బిల్లు ఇస్తామన్నారు, పైగా ప్రదర్శనకు తెరిచిపెట్టినవి ఉన్నాయి. వాడు జాబితాలో మొదట రాసుకున్న బరువైనదాన్ని కళ్ళద్దాలతోనే పెట్టుకుని పది నిమిషాలు నిలుచున్నాడు. పక్కన నిలబడి నేను కొట్టు కుర్రాడితో మాటలు సాగదీశాను. తీసేసరికి వాడి రెండు కణతల మీదా ఎర్రటి గీతలు. "సౌండ్ మాత్రం అదిరింది అన్నయ్యా," అంటూనే దాన్ని తిరిగి బల్ల మీద పెట్టేశాడు.

320 గ్రాములది తీసుకున్నాడు. మిగిలిన డబ్బుల్లోంచి ఇంకో పొడిగింపు తీగ కొన్నాడు. రాత్రి ఫోటో పంపాడు: బల్ల అంచున డాంగిల్, దాని చుట్టూ నాలుగు చుట్లు టేపు, పక్కన స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాల్లో "ఊరికి తీసుకెళ్ళకూడదు" అని.