కిరాయి హంతకుడికి పింఛను లేదా?

శ్రామికుల హక్కుల గురించి గొంతు చించుకునే సంఘాలు ఒక వర్గాన్ని మాత్రం గాలికొదిలేశాయి: వయసు మళ్లిన కిరాయి హంతకులు. పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు, చేయి వణికే రోజులొచ్చినా వీఆర్ఎస్ లేదు. 2022లో వచ్చిన ‘మెమరీ’ అనే హాలీవుడ్ సినిమా చూశాక గానీ ఈ అన్యాయం తీవ్రత నాకు బోధపడలేదు. డెబ్బయ్యేళ్లకు అడుగు దూరంలో ఉన్న లియామ్ నీసన్ అందులో అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు వచ్చిన కిరాయి హంతకుడు. ఇక మానేస్తానంటే పైవాళ్లు ఒప్పుకోరు. ఇదే కథను బెల్జియం వాళ్లు 2003లోనే తీశారు. ఇన్నేళ్లయినా ఒక్క ప్రభుత్వమూ కనీసం కమిటీ వేయలేదు.

అయితే ఆ జబ్బు క్రమశిక్షణను మెచ్చుకోవాలి. మన ఇళ్లలో దానికి వేళాపాళా ఉండదు. భోంచేసి చెయ్యి కడుక్కున్న పెద్దాయన, పొద్దున్నుంచి కోడలు మెతుకు పెట్టలేదని పక్కింటివాళ్లకు చెప్పుకుంటాడు. థ్రిల్లర్‌లో అలా కాదు. కాల్పులు ముగిసేదాకా జబ్బు గుమ్మం బయటే ఆగుతుంది. మెదడులో కొత్త జ్ఞాపకాలను నిలిపే హిప్పోక్యాంపస్ అనే భాగం ముందుగా దెబ్బతిని కొత్త సంగతులు నిలవవు, చేతికి అలవాటైన పని మాత్రం కొంతకాలం మిగులుతుంది అంటారు వైద్యులు. సరే, తుపాకీ విప్పి బిగించడం వరకు ఒప్పుకుందాం. కొత్త భవనంలో దూరి, కాపలావాళ్లను దాటి, పని ముగించి, తిరిగి తన కారు దగ్గరికే రావడం? మాల్ పార్కింగ్‌లో ఆరోగ్యవంతులకే అది చేతకాదు.

గుర్తుండటానికి నీసన్ ముంజేతి మీద రాసుకుంటాడు. ‘గజినీ’ చూసిన మనకు ఆ విద్య కొత్త కాదు. నీసన్‌ను వెంటాడే ఎఫ్‌బీఐ అధికారిగా వేసింది గై పియర్స్. 2000లో ‘మెమెంటో’లో ఒళ్లంతా పచ్చబొట్లు పొడిపించుకున్న మతిమరుపు మనిషి ఆయనే. అనుభవం చూసి పోస్టింగ్ ఇచ్చే శాఖ ఒకటైనా ఉన్నందుకు సంతోషం.

పదమూడేళ్ల పిల్లను చంపనని మొండికేసి, ముసలాయన పురమాయించినవాళ్ల మీదికే తిరుగుతాడు. కాబట్టి నా డిమాండు: ఈ వృత్తిలో ఏటా మెడికల్ పెట్టాలి. మతిమరుపును పట్టడానికి డాక్టర్లు పెట్టే ముప్ఫై మార్కుల పరీక్ష ఎలాగూ ఉంది. ఇవాళ్టి తేదీ చెప్పాలి, వందలోంచి ఏడేడు తీసేస్తూ పోవాలి, విన్న మూడు మాటలు కాసేపాగి అప్పజెప్పాలి. తప్పినవాళ్లకు పింఛను ఇవ్వాలి. పనిలో పనిగా, సుపారీ ఇచ్చే పెద్దమనుషులకూ ఈ పరీక్ష పెట్టండి. ముప్ఫైకి ముప్ఫై తెచ్చుకుంటారు. వాళ్లకే కోర్టు బోనెక్కాక ఇంకోసారి పెట్టి చూడండి.